మచ్చలేని వ్యాపారం

హైదరాబాదులో ఏ ఫ్లైఓవరు దిగినా "మచ్చలు మాయం" అని రాసిన హోర్డింగు ఒకటి ఎదురొస్తుంది. విజయవాడ, విశాఖ, వరంగల్ కూడా ఈ విషయంలో వెనకబడి లేవు. బొమ్మలో ఒక అమ్మాయి ముఖం, మధ్యలో నిలువు గీత. గీతకు ఎడమవైపు చెంప నిండా గుంటలు. కుడివైపు చెంప మీద ఒక్క రంధ్రం లేదు, చర్మానికి సహజంగా ఉండాల్సినవి కూడా లేవు. ఆ రెండు చెంపల మధ్య దూరం ఆరు సిట్టింగులు, సున్నా వడ్డీ, సులభ వాయిదాలు. ఈ వ్యాపారాన్ని తిట్టేవాళ్లు దాని తెలివిని తక్కువగా అంచనా వేస్తున్నారనిపిస్తుంది. జబ్బు ముదరకముందే వైద్యం చేయాలనేది పాతకాలపు వైద్యుల చాదస్తం. మొటిమల విషయంలో మనం కనిపెట్టిన పద్ధతి వేరు. జబ్బును కొన్నేళ్లపాటు ఇంట్లో, మందుల షాపులో, బ్యూటీ పార్లర్లో శ్రద్ధగా పెంచి పోషించాలి. గుంటలు గట్టిపడ్డాక, పెళ్లి ముహూర్తానికి మూడు నెలల ముందు, క్లినిక్కుకు అప్పగించాలి. మొటిమకు మందు వందల్లో దొరుకుతుంది, గుంటకు మరమ్మతు వేలల్లో మొదలవుతుంది. అందుకే మొటిమ ఉన్నంతకాలం ఎవరికీ తొందర ఉండదు, గుంట పడ్డాకే అందరికీ మన మీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఇదంతా కుట్ర అనడం లేదు. కుట్ర చేయాలంటే కనీసం నలుగురు ఒకచోట కూర్చోవాలి. ఇక్కడ ఎవరి పని వాళ్లు చేసుకుపోతే చాలు, ఫలితం అదే వస్తుంది.

మొదటి విడత బాధ్యత ఇంట్లో పెద్దలది. పదమూడేళ్ల పిల్లకో పిల్లాడికో నుదుటి మీద పొక్కులు లేవగానే "వయసు మొటిమలే, వాటంతటవే పోతాయి" అని తీర్పు వచ్చేస్తుంది. ఇంకాస్త అనుభవం ఉన్నవాళ్లు "పెళ్లయితే పోతాయి" అని గడువు కూడా చెప్పేస్తారు. ఈ మాటలో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. పన్నెండు నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య వాళ్లలో నూటికి 85 మందికి ఎంతో కొంత మొటిమలు వస్తాయని చర్మవైద్యులు చెప్పే లెక్క. చాలామందికి ఇరవైల్లో తగ్గిపోతాయి కూడా. పోతాయి సరే, పోతూ పోతూ ఏం పట్టుకుపోతాయన్నది ప్రశ్న. ఈడు వచ్చేటప్పుడు ఆండ్రోజెన్ హార్మోన్ల వల్ల చర్మంలో నూనె గ్రంథులు జోరందుకుంటాయి. వెంట్రుక రంధ్రం మూతి దగ్గర మృతకణాలు జిగురుగా పేరుకుని దారి మూసేస్తాయి. లోపల చిక్కుకున్న నూనెలో క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దానిమీద శరీరం చేసే యుద్ధమే మనకు కనిపించే ఎర్రటి వాపు, చీము. ఆ యుద్ధం లోతుగా, ఎక్కువకాలం సాగితే చర్మం లోపలి కొల్లాజెన్ దెబ్బతిని గుంట మిగులుతుంది. అంటే ఆ గుంటలో మొటిమ తీవ్రతతో పాటు, దాన్ని పట్టించుకోకుండా గడిపిన నెలలూ సంవత్సరాలూ ఉంటాయి. తల్లిదండ్రులు పిల్లల ర్యాంకు రెండు మెట్లు జారితే ట్యూషన్ మాస్టారును మార్చేస్తారు. చెంప మీద చీము పట్టిన గడ్డలకు మాత్రం కాలమే వైద్యుడు.

ఆ కాలాన్ని తగ్గించే మందులు కొత్తవేమీ కావు. విటమిన్-ఎ కుటుంబానికి చెందిన ట్రెటినోయిన్‌కు అమెరికాలో 1971లోనే అనుమతి వచ్చింది. దాని తర్వాతి తరం మందు అడాపలీన్ 1996లో వచ్చింది, 0.1 శాతం జెల్‌ను 2016 నుంచి అక్కడ డాక్టరు చీటీ లేకుండానే అమ్మనిస్తున్నారు. బెంజాయిల్ పెరాక్సైడ్ వీటికన్నా పాతది. దాంట్లో 2.5 శాతం జెల్, 10 శాతం జెల్ దాదాపు ఒకేలా పనిచేస్తాయని, శాతం పెంచితే పెరిగేది మంటేనని 1986లో పోల్చి చూపించారు. ఇక హోర్డింగు మీద ఉన్న సగం ముఖం కథ నిజంగా జరిగింది కూడా, కాకపోతే లేజరుతో కాదు. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపిన జెల్‌ను సగం ముఖానికి, మందు లేని ఉత్త జెల్‌ను మిగతా సగానికి ఆరు నెలలు రాసి చూసిన అధ్యయనం 2018లో అచ్చయింది. మందు రాసిన వైపు గుంటల సంఖ్య తగ్గింది, ఉత్త జెల్ వైపు పెరిగింది. ఇంతకంటే మంచి ప్రకటన ఏ వ్యాపారికి కావాలి? కానీ దీనికి హోర్డింగు కట్టేవాడు లేడు, ఎందుకంటే ఇందులో తమాషా ఏమీ లేదు. రాత్రి పడుకునే ముందు బఠానీ గింజంత జెల్ ముఖమంతా పలచగా రాయాలి. కనిపించే మొటిమ మీద చుక్క పెడితే చాలదు, రేపు రాబోయేది ఎక్కడ పొంచి ఉందో తెలియదు కదా. మొదటి రెండు మూడు వారాలు చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన దిండు గలీబు మీద, తువ్వాలు మీద రంగు పోయి తెల్లటి మరకలు పడతాయి. ఇంత చేశాక, ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు గానీ తేడా తెలియదు. "పన్నెండు వారాలు ఓపిక పట్టండి" అని హోర్డింగు మీద రాస్తే దాన్ని చూసి నవ్వుకుంటారు తప్ప ఫోన్ చేయరు.

ఓపిక లేనివాళ్ల కోసం మందుల షాపు ఉండనే ఉంది. "ముఖానికి ఏదైనా మంచి క్రీము ఇవ్వన్నా" అంటే కౌంటరు వెనక కుర్రాడు క్షణం ఆలోచించకుండా ఒక చిన్న ట్యూబు తీసిస్తాడు. దాని మీద చిన్న అక్షరాల్లో మూడు పేర్లుంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్. అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1975లో నల్లమచ్చల కోసం ప్రకటించిన మూడు మందుల సూత్రానికి ఇది వారసురాలు. మంగు లాంటి మచ్చలకు, కొద్ది వారాలపాటు, డాక్టరు కళ్లెదుట వాడాల్సిన సరుకు. మన దగ్గర స్నో పౌడర్ల పక్కన చేరి, రోజూ స్నానం చేశాక రాసుకునే క్రీముగా స్థిరపడింది. దాని మహిమ మొదటి వారంలోనే తెలుస్తుంది. అందులోని మొమెటాసోన్ స్టెరాయిడ్ కాబట్టి ఎరుపు దిగుతుంది, వాపు పోతుంది, రంగు కూడా తేలినట్టు కనిపిస్తుంది. పక్కింటి పిన్ని "ఏం రాస్తున్నావమ్మా" అని అడుగుతుంది, ట్యూబు ఫోటో వాట్సాపులో బంధువులందరికీ చేరుతుంది. కొన్ని నెలలకు చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, ఎండ తగిలితే మండుతుంది, చెంపల మీద నూగు పెరుగుతుంది. వీటన్నిటికీ మించి, స్టెరాయిడ్ వల్లనే పుట్టే కొత్త రకం మొటిమలు గుంపులుగా లేస్తాయి. మానేద్దామంటే ముఖం భగ్గుమంటుంది, మళ్లీ రాస్తే చల్లబడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత పుట్టినప్పుడు ఈ ట్యూబు లేదు గానీ, ఉంటే దాని పెట్టె మీద అదే అచ్చు వేసేవాళ్లు. ఈ తరహా ముఖాలు ఎన్ని వచ్చాయంటే, భారతీయ చర్మవైద్యులు వీటికోసం ప్రత్యేకంగా ఒక జబ్బు పేరు పెట్టుకోవాల్సి వచ్చింది: స్టెరాయిడ్ పూతతో పాడైన ముఖం. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. చట్టం అంత స్పష్టంగా ఉంది. చీటీ ఏదని అడిగే షాపు మీ వీధిలో ఉంటే మీరు అదృష్టవంతులు.

ఇక ఇంటి వైద్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి, ఉన్న మచ్చకు ఇంకో మచ్చ తోడవుతుంది. టూత్‌పేస్టు పళ్ల కోసం తయారైంది. మూడు రోజుల్లో మొటిమలు పోగొడతానని చెప్పే ఫేస్‌వాష్ ముఖం మీద ఉండేది అర నిమిషం, ఆ తర్వాత వెళ్లేది సింకులోకి. నూనె వస్తువులు మానేయమనే సలహా తరతరాలుగా నడుస్తోంది గానీ, ఆధారం కొంచెం ఎక్కువగా కనిపించేది మరోచోట. 2007లో ఆస్ట్రేలియాలో కుర్రాళ్ల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచని తిండి పన్నెండు వారాలు తిన్నవాళ్లకు మొటిమలు తగ్గాయి. అంటే వేలు చూపించాల్సింది మిరపకాయ బజ్జీకన్నా ముందు కూల్‌డ్రింకు వైపు, తెల్లన్నం కొండ వైపు. బజ్జీ మానేయమంటే వినేవాళ్లుంటారు, అన్నం తగ్గించమంటే తెలుగింట్లో వినేవాళ్లెవరు?

ఇన్ని దశలు దాటి వచ్చిన ముఖానికి క్లినిక్కులో రాజమర్యాద జరుగుతుంది. ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి, ముఖాన్ని ఒక డబ్బాలో పెట్టించి, నీలం వెలుతురులో ఫోటో తీస్తుంది. తెర మీద మీ చెంప చంద్రుడి ఉపరితలంలా కనిపిస్తుంది. ఆ వెలుతురులో ఎవరిదైనా అలాగే కనిపిస్తుందన్న సంగతి ఎవరూ చెప్పరు. తర్వాత మెనూ కార్డు వస్తుంది: కార్బన్ పీల్, హాలీవుడ్ పీల్, కొరియన్ గ్లాస్ గ్లో, వాంపైర్ ఫేషియల్. ఇంత ప్రపంచయాత్ర చేయిస్తున్న వైద్యశాఖ ఇంకొకటి లేదు. డాక్టరు చివరి రెండు నిమిషాలకు కనిపిస్తే కనిపిస్తారు, లేకపోతే "సార్ ప్రొసీజర్‌లో ఉన్నారు." చేతిలో పెట్టిన ఒప్పంద పత్రంలో నాలుగో పేజీలో "ఫలితాలు వ్యక్తిని బట్టి మారవచ్చు" అని ఉంటుంది, బిల్లు మాత్రం వ్యక్తిని బట్టి మారదు. నమ్మకం కుదరకపోతే ముందు-తర్వాత ఫోటోల ఆల్బమ్ చూపిస్తారు. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ముందు ఫోటోలో వెలుతురు పక్కనుంచి పడుతుంది, జుట్టు వెనక్కి లాగి కట్టి ఉంటుంది, మనిషి నవ్వడు. తర్వాత ఫోటోలో గుండ్రటి లైటు ఎదురుగా వెలుగుతుంది, ముఖానికి తడి మెరుపు ఉంటుంది, గడ్డం కాస్త పైకెత్తి ఉంటుంది. గుంట మనకు కనిపించేదే దాని నీడ వల్ల. నీడను పోగొట్టడానికి చర్మాన్ని మార్చనక్కర్లేదు, దీపం జరిపితే చాలు.

"ఫోటో సంగతి వదిలేయండి, మా అమ్మాయికి నిజంగానే తగ్గింది కదా" అనేవాళ్లు ఉంటారు. తగ్గే ఉంటుంది. ఏం తగ్గిందన్నది చూడాలి. మొటిమ ఆరాక మిగిలే ఎరుపు, మన రంగు చర్మంలో ఎక్కువగా పడే గోధుమ, నలుపు మచ్చ, ఇవి గుంటలు కావు. చర్మం ఉపరితలం చదునుగానే ఉంటుంది, రంగు ఒక్కటే మారుతుంది. కొత్త మొటిమలు రాకుండా ఆపి, ఎండ తగలకుండా చూసుకుంటే ఇవి కొన్ని నెలల్లో చాలావరకు వాటంతటవే పలచబడతాయి. నెలకొకటి చొప్పున ఆరు సిట్టింగుల ప్యాకేజీ కూడా సరిగ్గా అన్ని నెలలే పడుతుంది. పనిచేసింది కాలం, వసూలు చేసింది క్లినిక్కు. సిట్టింగుకు వచ్చిన ప్రతిసారీ సన్‌స్క్రీన్ రాసుకోమని, మొటిమలు గిల్లవద్దని చెప్పి పంపుతారు చూడండి, ఆ ప్యాకేజీలో అన్నిటికన్నా బాగా పనిచేసిన భాగం బహుశా అదే, బిల్లులో దానికి మాత్రం లైను ఉండదు. నల్లమచ్చ, గుంట రెంటినీ ఒకే గాట కట్టి ఒకే ప్యాకేజీలో అమ్మడంలో ఉన్న సౌకర్యం ఇదే. ఒకటి దానంతటదే పోతుంది, ఆ పేరుతో రెండోది కూడా పోతుందని నమ్మించొచ్చు.

గుంట పోదు. ఈ ఒక్క మాట చెప్పే హోర్డింగు ఇంతవరకు రాలేదు. తగ్గుతుంది, సగానికో కాస్త అటూ ఇటుగానో తగ్గించొచ్చు, అదీ దాని రకాన్ని బట్టి. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా దిగేవి కొన్ని, అంచులు నిటారుగా పెట్టెలా ఉండేవి కొన్ని, అలలా వెడల్పుగా కుంగేవి కొన్ని. 2001 నుంచి చర్మవైద్యులు ఈ మూడు రకాల వర్గీకరణే వాడుతున్నారు. అలలా కుంగినదాని అడుగున నారపోగులు చర్మాన్ని కిందికి పట్టి లాగుతుంటాయి. దూదిపరుపుకు అక్కడక్కడా కుట్లు వేసి లాగి కడితే పైన గుంటలు పడతాయి కదా, ఆ పరుపు మీద ఎంతసేపు ఇస్త్రీ చేసినా అవి లేవవు, కుట్టు తెంపాలి. ఆ కుట్టు తెంపే పనికి సబ్‌సిజన్ అని పేరు, 1995లో వచ్చింది. చర్మం కిందికి ఒక సూదిని దించి ఆ పోగులను తెంపుతారు. సన్నటి లోతు గుంటలకైతే 2002లో కొరియా వైద్యులు చెప్పిన పద్ధతి ఉంది. మొన చెక్కిన చిన్న పుల్లను గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంలో ముంచి గుంట అడుగున నొక్కి తీస్తారు, క్షణాల్లో అక్కడ తెల్లటి మంచుపొర లాంటిది తేలుతుంది. ఆ గాయం మానే క్రమంలో కొత్త కొల్లాజెన్ పుట్టి గుంట కొంచెం పైకి లేస్తుంది. ఈ రెండూ అరిటిపండు ఒలిచినంత సులువేం కాదు, అనుభవం ఉన్న చెయ్యి కావాలి. కానీ సూది, పుల్ల చూపించి ఎవరికి ప్యాకేజీ అమ్ముతారు? కోట్లు పోసి కొన్న లేజరు యంత్రం అప్పు వాయిదా నెలనెలా వస్తుంటే, గుంట ఏ రకమైనా అది లేజరు గుంటే అవుతుంది. ఖరీదైన కొరియా పేర్లన్నీ మెనూ కార్డు మీద ఉన్నాయి. నిజంగా కొరియా నుంచి వచ్చిన పుల్ల మాత్రం లేదు.

"అయితే లేజరు బూటకమా?" అంటే, కాదు. 2004లో వచ్చిన ఫ్రాక్షనల్ లేజరు పద్ధతి చర్మాన్ని మొత్తం కాల్చకుండా సన్నటి స్తంభాల్లా తూట్లు పొడిచి, మధ్యలో ఆరోగ్యమైన చర్మం వదిలి, మానే దారి చూపించింది. సరైన గుంటకు, సరైన చేతిలో, అది పనికొస్తుంది. కాకపోతే ఎంత పనికొస్తుందనేది ఎవరూ గట్టిగా తేల్చలేదు. ప్రపంచవ్యాప్తంగా వైద్య పరీక్షలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2016లో మొటిమ గుంటల చికిత్సల మీద సమీక్ష ప్రచురించింది. లేజరు, పీల్, సూదులు, ఫిల్లర్లు అన్నీ కలిపి వాళ్ల ప్రమాణాలకు సరిపోయిన పరీక్షలు 24 దొరికాయి. వాటిలో పాల్గొన్నవాళ్లు మొత్తం 789 మంది. ఒక మంచి ఇంజనీరింగు కాలేజీలో ఒక సంవత్సరం చేరే పిల్లల సంఖ్య అంతే ఉంటుంది. ఏ చికిత్సనూ గట్టిగా మొదటి వరస చికిత్స అని చెప్పేంత నాణ్యమైన ఆధారం లేదని వాళ్లు తేల్చారు. ఆ తర్వాత పరీక్షలు ఇంకా వచ్చాయి, వస్తున్నాయి. "నూటికి నూరు శాతం గ్యారంటీ" అని రాయడానికి మాత్రం ఏ లెక్కా సరిపోదు. పైగా మన గోధుమ రంగు చర్మానికి అదనపు ప్రమాదం ఉంది. వేడి తగిలితే రంగు కణాలు కోపగించుకుంటాయి. సెట్టింగు కాస్త ఎక్కువైతే గుంట ఉన్నచోటే ఉంటుంది, చుట్టూ నల్లటి గళ్లు మిగులుతాయి. పెళ్లికి పది రోజుల ముందు సిట్టింగు బుక్ చేసుకున్నవాళ్లకు ఈ సంగతి పసుపు రాసే రోజున తెలుస్తుంది.

ఆ సెట్టింగు తిప్పే చెయ్యి ఎవరిది అనేది ఇంకో ప్రశ్న. చర్మవైద్యంలో ఎండీ మూడేళ్ల చదువు. వారాంతపు కోర్సులో సర్టిఫికెట్ తెచ్చుకుని తెల్లకోటు తొడుక్కునేవాళ్లకు అంత సమయం లేదు పాపం, ఊరంతా గుంటలతో ఎదురుచూస్తుంటే. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ సౌందర్య చికిత్సలకు, జుట్టు మార్పిడికి మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపుల్లో చూసి, యూట్యూబులో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఒక దేశంలో అత్యున్నత వైద్య సంస్థ ఈ వాక్యం రాసిందంటే, అది రాయక తప్పని పరిస్థితి ఎంత దూరం వచ్చిందో ఆలోచించాలి. శుభ్రత విషయంలో తేడా వస్తే ఏమవుతుందో అమెరికా ఉదాహరణ ఉంది. న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో, మనిషి రక్తాన్నే తీసి సూదులతో ముఖంలోకి పంపే వాంపైర్ ఫేషియల్ చేయించుకున్నవాళ్లకు హెచ్ఐవీ సోకిన సంగతిని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో నివేదించింది. సూదులు, ఇతర సామగ్రి శుభ్రంగా లేకపోవడమే అనుమానం. మన మెనూ కార్డులో మాత్రం వాంపైర్ పక్కన ఇంకా "స్పెషల్ ఆఫర్" అనే ఉంది.

విచిత్రం ఏమిటంటే, ఇంత ధైర్యంగా రక్తం, లేజరు, ఆమ్లం ముఖం మీదికి రానిచ్చే ఇల్లే, ఒక మాత్ర పేరు చెబితే వణికిపోతుంది. ఐసోట్రెటినోయిన్ 1982 నుంచి తీవ్రమైన మొటిమలకు ఉన్న మందు. గడ్డలు కట్టి గుంటలు మిగిల్చే రకానికి దానంత గట్టిగా పనిచేసేది ఇంకొకటి లేదు. భయపడాల్సిన కారణం ఒకటి నిజంగా పెద్దదే: అది వాడుతున్నప్పుడు, ఆపాక ఒక నెల వరకు, గర్భం రాకూడదు, వస్తే బిడ్డకు తీవ్రమైన లోపాలు కలుగుతాయి. కొవ్వు, కాలేయ పరీక్షలు చేయించాలి, పెదాలు పగులుతాయి, మనసు ఎలా ఉందో గమనిస్తుండాలి. ఇవన్నీ డాక్టరు పర్యవేక్షణలో జరగాల్సిన పనులు. కానీ ఇంట్లో వినిపించే భయం వేరు, "అది మింగితే ఇక పిల్లలు పుట్టరట." మందు మానేసి గడువు దాటాక పిల్లలు పుట్టే శక్తికి అది అడ్డు కాదు. ఉన్న ప్రమాదాన్ని వదిలేసి లేని ప్రమాదానికి భయపడటం వల్ల ఆ మందు కావాల్సినవాళ్లకు అందదు. వాళ్లు రెండేళ్ల తర్వాత లేజరు గదిలో కనిపిస్తారు. ఇంగ్లీషు మందులకు భజన చేస్తున్నానని ఎవరైనా అంటే, ఆ భజనకు తగినంత పవిత్ర చరిత్ర కూడా వీటికి లేదు. పైన చెప్పిన క్లిగ్‌మన్ తన ప్రయోగాల్లో చాలా వాటిని చేసింది ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో, ఖైదీల చర్మం మీద, 1974లో అవి ఆగేవరకు. డాక్టర్లలోనూ యాంటీబయాటిక్ మాత్రలను ఒంటరిగా నెలల తరబడి రాసిచ్చేవాళ్లు తక్కువేం లేరు, సూక్ష్మజీవులు ఆ మందులకు అలవాటు పడిపోతాయని తెలిసీ. మందు మంచిదైతే అది తెచ్చినవాళ్లు దేవుళ్లు కానక్కర్లేదు. అది పనిచేస్తుందని చూపించే పరీక్షలు ఉంటే చాలు, ఉన్నాయి.

చివరి అభ్యంతరం కొంచెం బరువైనది. "ఎవరి ముఖం వాళ్ల ఇష్టం, ఎవరి డబ్బు వాళ్ల ఇష్టం. మొటిమలతో బాధపడేవాళ్లను చూసి వెక్కిరించడమేనా?" అని. బాధ నిజమే. మొటిమలు, గుంటలు ఉన్న పిల్లల్లో దిగులు, బిడియం, కెమెరా ముందు నుంచి తప్పుకోవడం గురించి చాలా అధ్యయనాలే ఉన్నాయి. పెళ్లిచూపుల్లో అమ్మాయి చెంపను అవతలివాళ్లు అరనిమిషం ఎక్కువ చూస్తే ఆ అరనిమిషం ఇంట్లో ఆర్నెల్లు నడుస్తుంది. కాబట్టే ఆ బాధను సరుకుగా మార్చి అమ్మేవాళ్లను వెక్కిరించక తప్పదు. ఇష్టం అనే మాటకు అర్థం ఉండాలంటే, ముందు మొత్తం సంగతి తెలియాలి: ఏది దానంతటదే పోతుంది, ఏది తగ్గుతుంది, ఏది అసలు పోదు, ఎంత ఖర్చుకు ఎంత తేడా. ఈ నాలుగూ చెప్పాక కూడా ఎవరైనా లేజరు కావాలంటే చేయించుకోనివ్వండి, అది వాళ్ల హక్కు. మొటిమలు ఇంకా చెలరేగుతుండగానే గుంటల ప్యాకేజీ అంటగట్టడం, ఇల్లు తగలబడుతుండగా గోడలకు రంగు వేస్తామని కొటేషన్ ఇవ్వడం ఒకటే. ముందు కొత్తవి పుట్టకుండా ఆపాలి. ఆ పని చేసే జెల్ తెచ్చుకోవాలంటే ఏ వాయిదాలూ అవసరం లేదు, అందుకే ఏ కౌన్సెలరూ దాని పేరెత్తదు.

అడిగి తెలుసుకునేందుకు చోటు లేదా అంటే, ఉంది. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, గుంటూరు జనరల్ ఆసుపత్రి, ఇలా పెద్ద ప్రభుత్వాసుపత్రులన్నిటిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. మూడేళ్లు చదివిన డాక్టరు అక్కడ కూర్చుంటారు, కౌన్సెలర్ ఉండదు. చిక్కల్లా బోర్డుతో. గది తలుపు మీద "చర్మ, సుఖవ్యాధులు, కుష్ఠు విభాగం" అని రాసి ఉంటుంది, ఆ శాఖ పూర్తి పేరు అది. ఆ వరసలో నిలబడితే బంధువులెవరైనా చూసి ఏమనుకుంటారోనని మధ్యతరగతి ఆ మెట్లు ఎక్కదు. అదే చదువు చదివిన డాక్టరు జూబ్లీహిల్స్‌లో బోర్డు రాయించుకునేటప్పుడు ఆ మూడింటిలో మొదటిదే ఉంచుకుని, మిగతా రెంటి స్థానంలో ఏస్థెటిక్స్ అని చేర్చుకుంటాడు. అప్పుడు మర్యాద పోదు. లిఫ్టెక్కి మూడో అంతస్తుకు వెళ్తే రిసెప్షన్‌లో ఒక ఫారం ఇస్తారు. అందులో మొదటి ప్రశ్న మొటిమలు ఎప్పటినుంచి ఉన్నాయని కాదు, పెళ్లి తేదీ ఎప్పుడని.